అద్దాల మహల్లో వంటింటి గిన్నెలు

పోయిన నెల ఈ పేజీలో ఒక ఫోటో వేశాం. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజమహల్, అందులో అద్దాల హాలు, ఆ హాల్లో మనిషి కంటే ఎత్తైన ఆడవాళ్ళ హైహీల్ చెప్పుల జత. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ చెప్పులు మొత్తం స్టీలు గిన్నెలూ మూతలే. చేసినావిడ పేరు జోఆనా వాస్కొన్సెలోస్. 1971లో పారిస్‌లో పుట్టి, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో స్థిరపడిన శిల్పి. 2012 జూన్ 19 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఆ మహల్లో ఆమె పనులు ప్రదర్శించారు. ఫోటో కింద ఈ నాలుగు ముక్కలే రాశాను.

దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికలో ఇంతవరకు దేనికీ రాలేదు. కొన్ని కోపంగా ఉన్నాయి, కొన్ని ఆశగా ఉన్నాయి. ఒకటి చదివి నేను చాలాసేపు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా గద్వాల చుట్టుపక్కల బడుల్లో డ్రాయింగ్ టీచరుగా పని చేసినదాన్ని, ఇలాంటి ప్రశ్నల కోసమే ఈ పేజీ రాస్తున్నాను. ఈ నెల మొత్తం దీనికే.

ప్రశ్న: గిన్నెలు పేర్చి చెప్పులంటే కళ అయిపోతుందా? మా గడియారం సెంటర్ దగ్గర స్టీలు సామాను కొట్లో రోజూ పేరుస్తారు, అదీ కళేనా? అలాంటివి తీసుకెళ్ళి చరిత్ర ఉన్న రాజమహల్లో పెట్టడం ఆ మహల్‌ను అవమానించినట్టు కాదా?
— విశ్రాంత ఉపాధ్యాయులు, నల్లగొండ

మాస్టారూ, నమస్కారం. ముందు ఆ హాలు సంగతి చెప్తాను, తర్వాత గిన్నెల దగ్గరికి వద్దాం.

వెర్సాయ్ అద్దాల హాలు పొడవు 73 మీటర్లు. ఒక పక్క తోట వైపు 17 కిటికీలు, వాటికి ఎదురుగా 17 కమానులు, ఆ కమానుల నిండా మొత్తం 357 అద్దాలు. పద్నాలుగో లూయీ కాలంలో, 1678లో మొదలుపెట్టి 1684 నాటికి పూర్తి చేశారు. ఆ రోజుల్లో మంచి అద్దమంటే వెనిస్ వాళ్ళదే, దాని ధర మామూలు మనిషి ఊహకు అందేది కాదు. అలాంటి అద్దాలను మా దేశంలోనే చేయించాను చూడండి అని రాజు లోకానికి చాటుకున్న గది అది. రాజును కలవడానికి వచ్చినవాడు ఆ పొడవంతా నడిచి వెళ్ళాలి, నడుస్తున్నంతసేపూ అద్దాల్లో తన చిన్నతనం తనకే కనబడాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919 జూన్ 28న సంధి మీద సంతకాలు పెట్టింది కూడా ఆ హాల్లోనే.

అంత గదిలో, అన్నేళ్ళలో, వంట చేసిన మనిషి ఆనవాలు ఒక్కటి కూడా లేదు. పైకప్పు బొమ్మల్లో రాజు గెలిచిన యుద్ధాలున్నాయి. విందులు జరిగాయి, నాట్యాలు జరిగాయి. గిన్నె మాత్రం ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. వాస్కొన్సెలోస్ తెచ్చి పెట్టింది. దాదాపు మూడు మీటర్ల ఎత్తున, 357 అద్దాల ముందు.

చెప్పులే ఎందుకంటారా? మన ఇళ్ళలో జరిగేదే చూడండి. పెళ్ళి విందు నుంచి రాత్రి పదకొండింటికి ఇంటికొస్తాం. మగవాళ్ళు చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చుంటారు. ఆడమనిషి పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మెడలో హారం ఇంకా తీయకుండానే వంటింట్లోకి వెళ్ళి పాలు తోడు పెడుతుంది. హైహీల్స్ గుమ్మం దగ్గర ఒకటి నిలబడి, ఒకటి పక్కకు ఒరిగి ఉంటాయి. అందంగా తయారవ్వాలి, వేళకు వండాలి. రెండూ ఒకే మనిషిని అడుగుతున్నాం. ఆ రెండింటినీ ఒకే వస్తువుగా చేసి చూపించింది ఆ శిల్పి. దానికి 'మార్లిన్' అని పేరు పెట్టింది. సినిమా తార మార్లిన్ మన్రో పేరన్నమాట. కొట్లో గిన్నెలు పేర్చిన అబ్బాయి చేతిలోనూ నైపుణ్యం ఉంది, కాదనను. కానీ గిరాకీ వచ్చి ఆ గిన్నెలను గిన్నెలుగానే చూసి కొనుక్కుపోవాలని అతని కోరిక. ఇక్కడ గిన్నెను చూస్తూ చూస్తూ మనిషి గుర్తుకు రావాలి. నాకు వచ్చింది. మీకు రాలేదంటే అది మీ తప్పని అనను, ఇంకోసారి చూడండి అని మాత్రం అడుగుతాను.

ఇక అవమానం మాట. ఆ మహల్లో ఇప్పటి కళాకారుల పనులు పెట్టడం ఈమెతో మొదలు కాలేదు. 2008లో జెఫ్ కూన్స్, 2009లో గ్జావియే వేయాన్, 2010లో తకాషి మురకామి, 2011లో బెర్నార్ వెనే. కూన్స్ ప్రదర్శన ఆపాలని కోర్టుకు కూడా వెళ్ళారు, కోర్టు ఒప్పుకోలేదు. ఆ వరుసలో ఐదో మనిషి వాస్కొన్సెలోస్, మొదటి మహిళ ఆమే. ఆ మహల్‌కు ఆడవాళ్ళు అంతకుముందు వచ్చిన ఒక సందర్భం మీరు పాఠం చెప్పే ఉంటారు. 1789 అక్టోబర్ 5న పారిస్ అంగళ్ళలో కూరలూ చేపలూ అమ్ముకునే ఆడవాళ్ళు రొట్టె ధర భరించలేక వానలో తడుస్తూ దాదాపు ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ చేరారు. మర్నాడు రాజునూ రాణినీ పారిస్‌కు వెంటబెట్టుకునే వెళ్ళారు. అలాంటి గడపలోకి గిన్నెలు రావడం అవమానమని నేను అనుకోలేను, మాస్టారూ.

ఆమె పెట్టినవన్నీ నాకు నచ్చాయని కాదు. గులాబీ రంగు నిప్పుకోడి ఈకలు అంటించిన హెలికాప్టర్ ఒకటి ఉంది. ఎంతసేపు చూసినా అది నాకు ఖరీదైన ముస్తాబులాగే కనిపించింది.

ప్రశ్న: ఆ ప్రదర్శన ఇప్పుడు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి? టికెట్ ఎంత?
— డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

అది 2012లోనే ముగిసింది తమ్ముడూ. ఆ మూడు నెలల్లో దాదాపు 16 లక్షల మంది చూశారు. నేనూ వెళ్ళలేదు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె పారిస్ నుంచి ప్రదర్శన పుస్తకం పంపింది, అదే పేజీ పేజీ చూశాను. మీ కాలేజీ లైబ్రరీ వాళ్ళు అడిగితే పట్టుకొచ్చి చూపిస్తాను.

ప్రశ్న: ఆమె చేసిన ఒక షాండ్లియర్‌ను మహల్లో పెట్టనివ్వలేదని విన్నాను. దేనితో చేసిందో తెలిశాక నాకే సిగ్గేసింది. నా కూతురు మాత్రం 'అందులో తప్పేముందమ్మా' అంటోంది. నేను దానికి ఏం చెప్పాలి?
— పేరు వద్దన్నారు, మహబూబ్‌నగర్

అమ్మా, నిజమే విన్నారు. ఆ షాండ్లియర్ పేరు 'పెళ్ళికూతురు'. దూరం నుంచి తెల్లగా, అంతస్తులు అంతస్తులుగా, రాజుల ఇళ్ళలో వేలాడే దీపాల గుత్తిలా ఉంటుంది. దగ్గరికి వస్తే అది గాజు కాదు. నెలసరి సమయంలో ఆడవాళ్ళు వాడే టాంపన్లు, వేల సంఖ్యలో, ఒక్కోటి దాని కవరులోనే ఉండగా కట్టినవి. 2005లో వెనిస్ బియెన్నాలేలో, అంటే రెండేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో, పెట్టారు, ఆమె పేరు ప్రపంచానికి తెలిసింది దానితోనే. వెర్సాయ్‌లో మాత్రం పెట్టనివ్వలేదు.

ఒక సంగతి గమనించండి. అందులో మైల అనదగింది ఏదీ లేదు. అన్నీ శుభ్రమైన, సీలు తీయని, మందుల షాపులో దొరికేవే. ఆ వస్తువు పేరుకే మనసు వెనక్కి తగ్గింది. మన దగ్గర మందుల షాపు అబ్బాయి ప్యాడ్ల ప్యాకెట్‌ను పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇస్తాడు చూడండి, అదే. రాణులు కన్న మహల్ అది. జనం ముందు రాణి ప్రసవించడం అక్కడి ఆచారం, మేరీ ఆంటొనెట్ మొదటి కాన్పుకు గది నిండా జనం. అంత బాహాటంగా కన్న ఇంట్లో నెలసరి వస్తువు వేలాడదీయడానికి మనసు రాలేదు.

నేను పెద్దమనిషినైన ఏడాది మూడు రోజులు మా ఇంటి వసారాలో మూలకు కూర్చున్నాను. డ్రాయింగ్ పుస్తకం కూడా ముట్టుకోనివ్వలేదు. ఆ మూడు రోజులూ బొగ్గుతో నేల మీద గీశాను, అవి కడిగేస్తే పోయాయి. మీకు సిగ్గేసిందని రాశారు. మీరూ నేనూ పెరిగింది అలా, అందులో మీరు నొచ్చుకోవాల్సింది లేదు. కానీ మీ అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి మీరు చెప్పాల్సిన జవాబు 'తప్పేమీ లేదు బిడ్డా' అని. ఒక్కసారి నోటితో అనండి, రెండోసారికి తేలికవుతుంది.

ప్రశ్న: ఆర్టిస్టు చేత్తో కుట్టదు, అల్లదు. పనివాళ్ళు చేస్తారు, పేరు ఆమెది. మేము నేస్తే షావుకారు పేరు, డిజైనర్ పేరు. దీన్ని మీరు కూడా గొప్ప అంటే ఎట్లా?
— చేనేత కార్మికుడు, పుట్టపాక

అన్నా, ఈ నెల వచ్చిన వాటిల్లో అసలైన ప్రశ్న మీది.

మీరన్నది నిజం. వాస్కొన్సెలోస్‌కు లిస్బన్‌లో పెద్ద స్టూడియో ఉంది. అక్కడ కుట్టేవాళ్ళు, అల్లేవాళ్ళు, వెల్డింగ్ చేసేవాళ్ళు, లెక్కలు గట్టే ఇంజినీర్లు పని చేస్తారు. మూడు మీటర్ల చెప్పు ఒక్క మనిషి చేతుల మీద లేవదు. వెర్సాయ్‌లో యుద్ధాల గ్యాలరీ అని 120 మీటర్ల హాలుంది. ఫ్రాన్స్ గెలిచిన యుద్ధాల చిత్రాలు 33 ఉంటాయి అందులో, నిండా గుర్రాలూ కత్తులూ సేనానులూ. వాటి నడుమ పైకప్పు నుంచి ఆమె బట్టలతో కుట్టిన పెద్ద పెద్ద రూపాలను వేలాడదీసింది. ఉత్తర ఐరోపా పురాణాల్లో యుద్ధంలో ఎవరు చావాలో తేల్చే స్త్రీ దేవతలు వాల్కిరీలు. ఆ పేరే పెట్టింది వాటికి. వాటిల్లో ఒకటి పోర్చుగల్‌లో నిసా అనే చిన్న ఊరి ఆడవాళ్ళతో కలిసి చేసింది. ఆ ఊరు ఉన్ని గుడ్డ మీద కత్తిరించి కుట్టే పూల పనికి పేరున్న ఊరు. ఆ రూపానికి ఆమె పెట్టిన పేరుకు పెళ్ళికూతురి సారె అని అర్థం. పుట్టింటి నుంచి తెచ్చుకునే దుప్పట్లూ గుడ్డలూ అన్నమాట. చిత్రాల్లో గెలిచిన మగవాళ్ళు, వాళ్ళ తలల మీద ఆడవాళ్ళ సారె.

ఆలోచన ఆమెది. అది చిన్న విషయం కాదు, దానికి ఆమె పేరు ఉండాల్సిందే. నిసా ఊరి పేరు చెప్పింది, అదీ మంచిదే. కానీ ఊరి పేరు చెబితే సరిపోతుందా? నా లెక్కలో సరిపోదు. ఎవరు కుట్టారో మనిషి మనిషి పేరు రాయాలి. సినిమా అయిపోయాక తెర మీద లైట్ బాయ్ పేరు కూడా పైకి పోతుంది కదా, ఇక్కడెందుకు పోకూడదు?

మీ పుట్టపాక తేలియా రుమాళ్ళు, పోచంపల్లి ఇక్కత్ గురించి ఎవరు రాసినా రంగులు, డిజైన్లు, మార్కెట్ అంటారు. ఆసు గురించి ఎవరు రాశారు? పేక దారాన్ని, అంటే అడ్డపోగును, ఆసు మీద అర్ధచంద్రాకారంలో ఉన్న పుల్లల చుట్టూ పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. పోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు. భుజాలు పడిపోతాయి, మోచేతులు పట్టేస్తాయి. ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి ఇక నా వల్ల కాదంది. కొడుకు చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలో ఆపేసిన మనిషి. ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. దానికి లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నాకు ఆ పురస్కారం కంటే యంత్రానికి పెట్టిన పేరే పెద్దగా అనిపిస్తుంది. ఎవరి భుజం నొప్పిలోంచి అది పుట్టిందో ఆమె పేరు దాని మీద ఉంది.

మీరు నేసిన రుమాలు ఎక్కడికైనా ప్రదర్శనకు పోతే ఇవ్వకముందే అడగండి: చీటీ మీద నా పేరు, ఆసు పోసిన నా భార్య పేరు రాస్తారా అని. రాయడానికి ఒప్పుకోకపోతే ఇవ్వకండి. ఇది ఉత్త సలహా కాదు. ఎందుకంటున్నానో కింద ఉంది.

ప్రశ్న: టీచర్, మాది దేవరకొండ దగ్గర తండా. మా యాడి (అమ్మ), మా నానమ్మ పేటియా (పావడా), కాంచళి (రవిక), టుక్రి (ఓణీ) కుడతారు. అద్దాలు, గవ్వలు, రంగు దారాలు. నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. మీ ఫోటో మా హాస్టల్ అమ్మాయిలకు చూపిస్తే 'ఇది ఆర్ట్' అన్నారు. మా నానమ్మ పేటియా ఫోటో చూపిస్తే 'ఇది డ్రెస్' అన్నారు. ఆ రోజు నుంచి బాధగా ఉంది. మా నానమ్మ చేసింది ఆర్ట్ కాదా?
— డిగ్రీ రెండో సంవత్సరం

బిడ్డా, నేను చదివి పక్కన పెట్టుకుని కూర్చున్న ఉత్తరం నీదే.

మా అమ్మది గద్వాల. పొద్దంతా నేత ఇంట్లో కండెలు, అంటే మగ్గానికి కావాల్సిన దారం గొట్టాలు, చుట్టేది. గద్వాల చీర నీకు తెలుసు కదా, ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ పోగు పోగుకూ కలుపుతూ నేస్తారు, దాన్ని కుప్పడం అంటారు. మగ్గం మీద కూర్చున్నాయన పేరు ఊరందరికీ తెలుసు. ఆయన చేతికి కండె అందకపోతే మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె ఆడదు, కానీ కండె చుట్టినావిడ పేరు ఎవరూ అడగరు. రాత్రి అందరం పడుకున్నాక అమ్మ కొక్కెం సూది పట్టుకుని క్రోషియా అల్లేది. కరెంటు పోతే దీపం బుడ్డి దగ్గరికి జరిగి అల్లేది. చూడకుండానే వేళ్ళు ముడి వేసేవి.

ఆమె అల్లిన వాటిలో ఒక టేబుల్ గుడ్డ ఉంది. తెల్ల దారం, మధ్యలో కోటకొమ్మ. గద్వాల చీర అంచు మీద నేసే ఆ కోటగోడ అంచు లాంటి వరుసను దారంలోకి తెచ్చింది. ఎవరూ నేర్పలేదు, నమూనా పుస్తకం లేదు. చీర అంచును చూసి గళ్ళు లెక్కపెట్టుకుంది. ఏడు నెలలు పట్టింది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో జిల్లా స్థాయిలో ఒక కళా ప్రదర్శన పెట్టారు. టీచర్లందరినీ ఏదైనా తెమ్మన్నారు. నేను రెండు నీటిరంగుల బొమ్మలు, అమ్మ గుడ్డ తీసుకెళ్ళి ఇచ్చాను. అమ్మను కూడా బస్సులో తీసుకెళ్ళాను, కొత్త చీర కట్టుకుంది.

నా బొమ్మలు గోడకు ఉన్నాయి, కింద చీటీ, నా పేరు. అమ్మ గుడ్డ కోసం హాలంతా వెతికాం. స్టేజీ మీద ఉంది. బల్ల మీద పరిచి, దాని మీద బహుమతుల కప్పులు పేర్చారు. అంచులు కిందికి వేలాడుతున్నాయి, కోటకొమ్మ వరుస కప్పుల కింద పడిపోయింది. నేను వెళ్ళి అడుగుతానంటే అమ్మ చెయ్యి పట్టుకుంది. "బాగానే పరిచిండ్రు లేమ్మా, మురికి గాలే" అంది. తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు అడగకపోవడం నా తప్పు, దాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని నీ స్నేహితుల మాట దగ్గర ఆగిపోకు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకు ఎవరూ చూడటం నేర్పలేదు. వాస్కొన్సెలోస్ ఏం చేసిందో చూడు. పోర్చుగల్ దీవుల్లో ఆడవాళ్ళు అల్లే క్రోషియా లేసును పింగాణీ జంతువులకు చొక్కాలా తొడిగింది. వెర్సాయ్‌లో పాలరాతి సింహాలకు తొడిగింది. మా అమ్మ అల్లిన లాంటి అల్లికే, అదే కొక్కెం సూది. సింహం మీద కనబడేసరికి జనం ఆగి చూశారు. బల్ల మీద ఉన్నప్పుడు దాని మీద కప్పు పెట్టారు. అల్లికలో తేడా లేదు. చూడమని ఎవరు ఎక్కడ పెట్టారన్న దాంట్లోనే ఉంది తేడా.

నీ పేటియా దగ్గరికి వస్తాను. నానమ్మ పక్కన కూర్చుని ఒక పని చెయ్యి. ఆ పేటియా మీద అద్దాలు ఎన్నున్నాయో లెక్కపెట్టు. ఒక్కో అద్దం చుట్టూ కుట్టు ఎన్ని సార్లు తిరిగిందో చూడు. అద్దానికి రంధ్రం ఉండదు, దాన్ని దారమే నలువైపులా పట్టుకుని నిలబెట్టాలి. ముందు అడ్డంగా నిలువుగా వల వేస్తారు, తర్వాత ఆ వలను చుట్టూ లాగి బిగిస్తారు. దారం వదులైతే అద్దం జారుతుంది, మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది. మీ నానమ్మ వేళ్ళకు ఆ బిగువు తెలుసు. వెర్సాయ్ హాల్లో 357 అద్దాలున్నాయని పైన మాస్టారికి రాశాను. నానమ్మ పేటియా లెక్క నాకు రాసి పంపు, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. లెక్కతో పాటు ఆమె పేరు కూడా. నీ ఉత్తరంలో ఆమెను మూడు సార్లు నానమ్మ అన్నావు, పేరు ఒక్కసారి కూడా రాయలేదు.

ఇంకొకటి. ఏ కుట్టుకు ఏం పేరో మీ గోర్ (లంబాడీ) మాటల్లోనే రాసుకో. తెలుగులోకి మార్చకు, నోట్‌బుక్‌లో వాళ్ళు పలికినట్టే రాయి. ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చెయ్యి. నేను మా అమ్మ దగ్గర ఆ పని చెయ్యలేదు. కోటకొమ్మను గళ్ళలోకి ఎలా మార్చుకుందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు, గుడ్డను చూసి నేనే లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది.

ప్రశ్న: మేడం, మేము వనపర్తి పాలిటెక్నిక్ విద్యార్థులం. మా కాలేజీ ఉన్నదే రాజమహల్లో. మా ఊళ్ళలో ఆడవాళ్ళ అల్లికలు, కుట్లు, నేతలతో ఇక్కడ మూడు రోజుల ప్రదర్శన పెట్టాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
— ఐదుగురు విద్యార్థులు, వనపర్తి

మీ ఉత్తరం కింద ఐదు సంతకాలు చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. మీ మహల్‌కు ఇది తగిన పనే. సంస్థానం పోయాక అది బడి అయింది. 1959లో నెహ్రూ వచ్చి పాలిటెక్నిక్‌ను ప్రారంభించారు, అప్పటి నుంచి రాజుల గదుల్లో రైతుబిడ్డలు చదువుతున్నారు. మా గద్వాలలోనూ అంతే, కోట లోపల మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరున డిగ్రీ కాలేజీ ఉంది. చివరి పాలకురాలు ఆమే. కవిపండితులను ఆదరించి విద్వద్గద్వాల అన్న పేరు నిలబెట్టిన మనిషి.

ముందు ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా పెట్టుకోండి. ఏ గదులు, ఏ తేదీలు, రాత్రి కాపలా ఎవరు, ఈ మూడూ అందులో ఉండాలి. నోటిమాట మీద ఆధారపడొద్దు, చివరి నిమిషంలో టెన్షన్ పడతారు.

గోడలకు ఒక్క మేకు కూడా కొట్టకండి. పాత కట్టడాల గోడలు డంగు సున్నంవి. డ్రిల్లు పెడితే పెళ్ళలు రాలతాయి, దాన్ని సిమెంటుతో పూడిస్తే లోపలి తేమ బయటికి పోయే దారి లేక గోడ ఇంకా చెడుతుంది. వెదురు గడలతో, ఇనుప పైపులతో స్టాండ్లు మీరే చేయండి. మెకానికల్ వాళ్ళున్నారు కదా మీలో. కాళ్ళ కింద రబ్బరు ముక్కలు వేయండి, పాత నేల గీసుకుపోకుండా.

బట్టలను క్లిప్పులతో వేలాడదీయొద్దు. బరువంతా రెండు చోట్ల పడి పోగులు తెగుతాయి. వెనక పైఅంచున నూలు గుడ్డను గొట్టంలా వదులు కుట్టుతో కుట్టి, అందులోంచి కర్ర దూర్చండి. బరువు సమంగా పంచుకుంటుంది. పేటియా లాంటి అద్దాల పని చాలా బరువు, దాన్ని వేలాడదీయకండి, వాలుగా ఉన్న బల్ల మీద పరవండి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. మ్యూజియాల్లో పాత బట్టల దగ్గర వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు, అంటే మనకు మసకగా అనిపించేంత. తెల్ల గుడ్డ తెరలు కడితే చాలు. పట్టు చీరలు మడత పెట్టి తేవద్దు, అట్ట గొట్టానికి ఉతికిన మల్లు గుడ్డ చుట్టి దాని మీద చుట్టండి. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలనివ్వకండి.

ఎవరి వస్తువు తీసుకున్నా రెండు కాగితాలు రాయండి, ఒకటి వాళ్ళకు, ఒకటి మీకు. వస్తువు ఏ స్థితిలో ఉందో, ఎక్కడ చిరుగు ఉందో రాసి, ఫోటో తీసి సంతకం పెట్టించుకోండి. సంతకం రాని అమ్మలు వేలిముద్ర వేస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ కాగితం పక్కన పెట్టి చూపించండి.

చీటీలు మాత్రం హడావిడిగా రాయొద్దు, నేను వచ్చి కూర్చుని మీతో రాయిస్తాను. 'గద్వాల చీర' అని రాసి వదిలేయకూడదు. కండెలు చుట్టింది ఎవరు, పడుగు వేసింది ఎవరు, అద్దకం ఎవరిది, మగ్గం మీద కూర్చుంది ఎవరు, పక్కన కూర్చుని రెండో వైపు నాడె అందించింది ఎవరు. ఎంత చీటీ అయినా సరే, పేర్లన్నీ పట్టాలి. పెద్దక్షరాల్లో రాయండి, చూడటానికి వచ్చే అమ్మల్లో చాలామందికి కంటి చూపు తగ్గి ఉంటుంది. ప్రారంభం రోజు ముందు వరుస కుర్చీలు అల్లినవాళ్ళకు, నేసినవాళ్ళకు వేయండి.

వానాకాలం వద్దు, గోడలు చెమ్మగా ఉంటాయి. సంక్రాంతి వెళ్ళాక పెట్టుకోండి. గద్వాల నుంచి వనపర్తికి బస్సులో వస్తాను, అమ్మ గుడ్డ నా దగ్గరే ఉంది. ఒక మూల కప్పు అడుగు గుండ్రంగా తుప్పు మరక పడింది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. అలాగే తెస్తాను. దానికి మీ స్టాండ్లలో ఐదడుగుల వెడల్పున్నది ఒకటి ఉంచండి.